వేపమండ దాటి వచ్చిన మనిషి

కంట్లో శుక్లం ముదిరింది, ఇంకా తాత్సారం చేస్తే కష్టమని చింతామణి ఊళ్ళో కంటి డాక్టరు చెప్పాక, మా అమ్మాయి హేమ పోయిన నెల వచ్చి నన్ను కారులో ఎక్కించుకొని బెంగళూరుకు బయలుదేరింది. కె.ఆర్. పురం దాటాక ఒక సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ఆగీ ఆగగానే నా పక్క అద్దం మీద టకటకా చప్పుడు. గాజులచేత్తో కొడుతోంది ఒక ఆడమనిషి. హేమ ఈడే ఉంటుంది. హేమ నా వైపు తిరక్కుండానే, "అమ్మా, ఆ పక్క చూడద్దు. ఒగసారి చూస్తే వదల్రు. ఫోన్ చూస్తాండేటట్టు ఉండు" అంది. నేనూ బుద్ధిగా ఫోన్ తీశాను. కంట్లో శుక్లం, చేతిలో ఆపేసిన ఫోను, దాన్ని మహా శ్రద్ధగా చదువుతున్నాను. ఏసీ నాకు పడదని అద్దం రెండు వేళ్ళ సందు దించుకొని ఉన్నాను. ఆ సందులోంచి ఆమె చెయ్యి దూర్చి నా చేతిసంచి పట్టీ పట్టుకుంది. "ఇవ్వమ్మా, ఏదో ఒగటి ఇచ్చిపో" అంటూ లాగింది. నేనూ లాగాను. అబద్ధమెందుకు, బాగా భయపడ్డాను. హేమ బటన్ నొక్కింది. అద్దం పైకి లేస్తుంటే ఆమె వేళ్ళు చివరి క్షణంలో జారి బయటపడ్డాయి. అంతలో పచ్చదీపం వెలిగింది. బండి కదులుతుంటే వెనక డిక్కీ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, అచ్చం మా పక్క తెలుగులో అరిచింది: "చూసీ చూడనట్ల పోతాండారే, మీ కండ్లు బాగుపడవు!"

కంటాసుపత్రికి పోతున్న మనిషికి ఆ మాట ఎంత తగలాలో అంతా తగిలింది. హేమ నవ్వేసి, "మనసులో పెట్టుకోవద్దమ్మా. ఇదంతా బిజినెస్సు. వెనక ఒగ గ్యాంగే ఉంటాది" అంది. నేను ఊఁ అన్నాను.

హేమ చెప్పినదాంట్లో నిజం లేదని నేను అనను. టీచరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మీటింగులకనీ పిల్లల ఎక్స్‌కర్షన్లకనీ మైసూరు, చెన్నై, హైదరాబాదు తిరిగినదాన్ని. చేతిలో పువ్వు పెట్టి, పెట్టినందుకు నోటు ఇచ్చేదాకా కదలనివ్వనివాళ్ళను చూశాను. రైలు పెట్టెలో చప్పట్లు కొడుతూ వచ్చి నెత్తిమీద చెయ్యి పెట్టినవాళ్ళను, బెంగళూరు మెజెస్టిక్‌లో బస్సు ఎక్కేదాకా వెంటపడి మొదట దీవించి తర్వాత శపించినవాళ్ళను చూశాను. నాకూ కొన్ని ఉపాయాలు ఉండేవి. కన్నడంలో అడిగితే తెలుగు తప్ప రానిదానిలా ముఖం పెట్టడం, తెలుగులో అడిగితే కన్నడంలో ఏమిటేమిటని ఎదురు ప్రశ్నలు వేయడం. రెండు భాషల సరిహద్దు మీదున్న మన జిల్లాలో పుట్టినవాళ్ళకు ఈ విద్య ఒకరు నేర్పాలా? కాకపోతే మెజెస్టిక్‌లో ఒక ముసలాయన నన్ను మించిపోయాడు. తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలోకి వచ్చి, తమిళం తొక్కి, చివరికి ఇంగ్లీషులో "మేడమ్, ప్లీజ్" అన్నాడు. ఆ నాలుగు భాషలకూ ఆయనకు దక్షిణ ఇచ్చుకున్నాను.

అయితే ఆ సిగ్నల్ దగ్గర ఆమె తిట్టిన తిట్టు నన్ను ఆసుపత్రిలో కూర్చోనివ్వలేదు. కళ్ళలో చుక్కలు వేసి, గంటసేపు మూసుకొని ఉండమన్నారు. మూసిన కళ్ళ ముందుకు మా అవ్వ ఇల్లు వచ్చి కూర్చుంది. ఆ ఇంటి కథ నేను చాలామందికి చెప్పాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పేరేసంద్రకు నడిచిపోయేంత దూరంలో ఉండేది మా ఊరు. ఇల్లు పొడుగ్గా, ముందు రెండు తిన్నెలు, వాటి వెనక నడవ, నడవకు కుడిపక్క వంటిల్లు, ఎడమపక్క పురుగుల ఇల్లు. పురుగులంటే పట్టుపురుగులు. మా పక్క రైతుల ఇళ్ళలో మనుషులకు ఒక గది ఉంటే పురుగులకు రెండు ఉండేవి. తడి గోనెపట్టాల కింద కప్పిన రేష్మాకు, అంటే మల్బరీ ఆకు, పచ్చివాసన, సున్నం కలిపిన పేడతో అలికిన నేల వాసన, తట్టల కింద రాలే పురుగుపెంట వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడన్నా రేష్మాకు తోట పక్కన బస్సు ఆగితే నాకు ఆకలేస్తుంది. చిన్నప్పుడు ఆ వాసనలోనే కదా అన్నం తిన్నది. పురుగు పెద్దదయ్యాక మేత వేస్తే, ఇల్లంతా సన్నవాన పడుతున్నట్టు సద్దు. అవ్వ ఆ సద్దు వింటూ నడవలో గోడకానుకొని కూర్చుని ఆకు కోసేది. సద్దు తగ్గితే లేచేది.

అవ్వ నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. సంగటి కెలికిన రోజు ఇంట్లోవాళ్ళ లెక్కకు మించి రెండు ముద్దలు చేసి మూకుట్లో పక్కన పెట్టేది. వచ్చేవాళ్ళు ఎటూ వస్తారు. శనివారమైతే దాసప్ప వచ్చేవాడు, శంఖమూ జేగంటా పట్టుకొని. ఆయన అడగడం అనేది లేదు. గడప ముందు నిలబడి, మా కుక్క గొంతు కలిపేదాకా శంఖం ఊదేవాడు. పెట్టినదాన్ని తిన్నె మీద కూర్చొని తింటూ వంకలు పెట్టేవాడు. "ఏమమ్మా, ఉలవచారులో ఉప్పు మరిస్తివా? నెయ్యి అనేది ఉండాదా ఈ ఇంట్లో?" అవ్వ ఊరుకునే రకమా? "మీ ఇంట్లో నెయ్యేసుకొనే తింటాండావా దాసప్పా?" "మా ఇంట్లో తినేటట్టుంటే నీ గడపకాడికి ఏల వస్తానమ్మా?" ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. దబాయించి అడగడమంటే నేను మొదట చూసింది దాసప్ప దగ్గరే. అది మాకు ముచ్చటగా ఉండేది, ఎందుకంటే ఆయన ఎవరో మాకు తెలుసు, ఏ తిన్నె మీద కూర్చుంటాడో తెలుసు.

ఈ పెట్టే చెయ్యి ఏడాదిలో కొన్ని రోజులు ముడుచుకునేది. పురుగు మేత మాని పడుకొని, పాత చర్మం విడిచి లేవడాన్ని మా పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచి, పండి గూడు కట్టేదాకా ఉన్న ఏడెనిమిది రోజులు ఇంటి గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళు. ఆ మండ కట్టాక బయటి మనిషి గడప దాటకూడదు. ఇంట్లోంచి మజ్జిగ గాని, ఉప్పు గాని, నిప్పు గాని, పిడికెడు పిండి గాని బయటికి పోకూడదు. ఇంట్లో ఎల్లిపాయ తాలింపు కూడా వేసేవాళ్ళు కాదు. బయటి మనిషి కన్ను పడినా, ఇంటి సొత్తు ఆ మనిషి వెంట పోయినా పురుగు చెడుతుందని అందరి నమ్మకం. దాసప్ప కూడా ఆ మండ చూస్తే శంఖం సంచిలో పెట్టుకొని పక్క ఊరికి పోయేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు వానలు లేని ఏడు ఒకటి వచ్చింది. ఎక్కడెక్కడివాళ్ళో కుండలు, బొంతలు నెత్తిన పెట్టుకొని వచ్చి పేరేసంద్ర రోడ్డు మీద అంగళ్ళ ముందు దిగారు. పగలు చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి అడుక్కునేవాళ్ళు. మా ఇంట్లో పురుగు నాలుగో జ్వరం నుంచి లేచింది. లేచిన రెండో రోజు అవ్వ ఒక తట్ట ముందు చాలాసేపు వంగి నిలబడింది. కొన్ని పురుగులు కణుపుల దగ్గర ఉబ్బి, పచ్చబడి, ముట్టుకుంటే చిట్లి పాలు కారుతున్నాయి. పాలరోగం. అవ్వ వాటిని ఒక్కొక్కటే ఏరి సున్నం పోసిన పాత సత్తుగిన్నెలో వేసింది. గిన్నె పట్టుకున్నది నేను. ఇద్దరమూ పెరట్లోకి పోయి గుంట తీసి పూడ్చిపెట్టాం. "మే, మీ చిన్నాయనకు చెప్పద్దు" అంది అవ్వ. "తెలిస్తే తట్టలన్నీ ఎత్తి దిబ్బలో పోస్తాడు. సున్నం చల్లి చూస్తాం. సగం నిలబడినా చాలు." ఇంట్లో ఇంతమంది ఉండగా నాకొక్కదానికే చెప్పిందని నాకు ఎంత గర్వమో. మూడు రోజులు పొద్దున్నే అదే పని చేశాం. గిన్నె రోజురోజుకూ బరువెక్కింది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం అందరూ ఆకు కొయ్యడానికి తోటకు పోయారు. అవ్వ కూడా పోయింది. నన్ను తిన్నె మీద కాపలా పెట్టారు. అప్పుడు వచ్చింది ఆమె. చంకలో ఏడాది బిడ్డ, చేతిలో డబ్బా. "పాపా, బిడ్డకు ఇంత గంజి పొయ్యి" అంది. ఇంట్లోవాళ్ళు నాకు నేర్పినమాట అప్పజెప్పాను. "ఈపొద్దు ఇచ్చేకి లే. పురుగు పండేకొచ్చిండాది. పక్కింటికి పో." ఆమె కదల్లేదు. "పక్కింట్లోనూ అదే చెప్పిరి. ఊరంతా అదే చెప్తాండారు." నిజమే. ఊరంతా ఒకేసారి చాకీ, అంటే పిల్లపురుగులు, తెచ్చుకున్నారు, ఊరంతా ఒకేసారి మండలు కట్టారు. పొద్దుటినుంచి ఆమె ఎన్ని మండలు చూసి ఉంటుందో నాకు అప్పుడు తోచలేదు. మళ్ళీ పొమ్మన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "పురుగుకు నాలుగు పూట్ల మేత పెడతాండారు, నా బిడ్డకు గంజి లేదా?" అంటూ మండను ఒక చేత్తో పక్కకు నెట్టి గడప దాటేసింది. నడవలోకి వచ్చి వంటింటి తలుపు మీద డబ్బాతో బాదింది. "పెట్టేదాకా పోను. ఎవురన్నా ఉండారా లోపల?"

నేను ఏడుస్తూ ఆమెను బయటికి నెట్టబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. నేను వంగి ఆమె చెయ్యి కొరికాను. నోట్లో ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. ఆమె కెవ్వుమని చెయ్యి లాక్కుంది, చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. "మీ పురుగు గూడు కట్టకుండా పోనీ!" అని అరిచి వెళ్ళిపోయింది. నేను మండ సరిచేసి, నోరు కడుక్కొని, మళ్ళీ తిన్నె మీద కూర్చున్నాను.

మర్నాడు పురుగులు తట్టలు తట్టలుగా నల్లబడ్డాయి. దాచడానికి ఇంక ఏమీ లేదు. పక్కింటామె ముందురోజు మా ఇంట్లో అరుపులు విన్నానని చిన్నాయనతో చెప్పింది. అవ్వ అప్పుడు పెరట్లో గుంట దగ్గర ఉంది. చిన్నాయన నన్ను పిలిచి, "ఎవరే వచ్చింది?" అన్నాడు. "ఒగ ఆడమనిషి. బిడ్డనెత్తుకొని. మండ దాటి లోపలికొచ్చి, పురుగు పోనీ అని తిట్టిపాయ" అన్నాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పాలరోగం మూడు రోజుల ముందే వచ్చిందని నాకు తెలుసు. చెప్పద్దని అవ్వ అన్నందుకే చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది సగమే. పంట చెడడానికి ఒక మనిషి దొరికింది, ఆ మనిషి నేను కాదు. ఆ ఊరట నాకు తియ్యగా ఉండింది. చిన్నాయన ఇంకో ఇద్దరిని పిలుచుకొని సైకిళ్ళ మీద పేరేసంద్రకు పోయాడు.

అవ్వ లోపలికి వచ్చి సంగతి విని, చేతిలో గిన్నె కింద పెట్టింది. "నువ్వు చూసినావు కదమ్మీ మూడ్రోజుల నుంచి. ఏల చెప్పల్యా?" "నువ్వే చెప్పద్దంటివి కదవ్వా." "అవును, నేనే కదా చెప్పద్దంటి" అని అవ్వ వంటింట్లోకి పోయింది. పురుగే పోయింది కదా, ఇన్నాళ్ళూ ఆపిన ఎల్లిపాయ తాలింపు వాసన కాసేపటికే మా ఇంట్లో వచ్చింది. రెండు ముద్దల సంగటి, అనపగింజల పులుసు గిన్నెలో పెట్టి, గుడ్డ కట్టి, అవ్వ నన్ను వెంటబెట్టుకొని పేరేసంద్రకు బయలుదేరింది. ఎండలో అంత దూరం ఒక్కచోట కూడా ఆగలేదు.

మేం పోయేసరికి జరగాల్సింది జరిగిపోయింది. బొంతలు రోడ్డు పక్క కాలవలో పడి ఉన్నాయి. కుండ పగిలిపోయింది. ఆమె పెదవి చిట్లి ఉంది. నీవల్లే మమ్మల్నీ తరుముతున్నారని తోటివాళ్ళు ఆమెను దూరంగా కూర్చోబెట్టారు. చిన్నాయన టీ అంగడి ముందు నలుగురికి చెబుతున్నాడు. అవ్వ నేరుగా అక్కడికే పోయి, అందరి ముందర అంది: "సోమప్పా, పురుగుకు మూడ్రోజుల ముందే పాలరోగం తగిలిండాది. నేనే ఏరి పూడుస్తా వచ్చినా. ఈమె రాకముందే." చిన్నాయన ముఖం మాడిపోయింది. "నాకేల చెప్పల్యామ్మా?" "నీకు భయపడి" అంది అవ్వ. ఆయన సైకిలు తీసుకొని వెళ్ళిపోయాడు. ఆమె వైపు చూడనైనా చూడలేదు.

అవ్వ ఆమె ముందు చతికిలబడి గిన్నె విప్పింది. "తప్పు మాది తల్లీ. రెండు ముద్దలు తిను." "నాకొద్దమ్మా, మీ ఇంటి కూడు." "అట్లనద్దు. నీ కాలు పట్టుకుంటా." ఆమె లేచి పోబోతే అవ్వ ఆమె చీరకొంగు పట్టుకొని వదల్లేదు. ఊళ్ళో నలుగురికి పెట్టిన మా అవ్వ, నడిరోడ్డు మీద కొంగు పట్టుకొని తినమని దేబిరిస్తోంది. ఆ కొంగు విడిపించుకోవడానికి ఆమె చెయ్యి చాచినప్పుడు అవ్వకు ఆ గాయం కనబడింది. వాచి, నా పళ్ళు పడ్డచోట నల్లగా కమిలి ఉంది. "అయ్యో, ఇదేంది? మావోళ్ళే చేసినారా?" ఆమె తలెత్తి నా వైపు చూసింది. నేను అవ్వ వెనక్కు జరిగాను. ఈ ప్రపంచంలో అవ్వ కంటే నాకు ఎక్కువైన మనిషి లేదు, ఇప్పుడు అవ్వకు తెలిసిపోతుంది, అంతే, అయిపోయింది అనుకున్నాను. ఆమె నన్ను అట్లాగే చూసి, చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. "ఏం లేదమ్మా. రాయికి కొట్టుకుంటి" అంది.

తర్వాత ఆమె బిడ్డను అవ్వ ఒడిలోకి దించింది. అవ్వ పులుసులో సంగటి నలిపి, ఉండలు చేసి బిడ్డకు పెట్టింది. ఆమె మాత్రం ఒక్క మెతుకు ముట్టలేదు. బిడ్డ తిన్నాక గిన్నె తీసుకుపోయి, కొళాయి దగ్గర కడిగి తెచ్చి ఇచ్చింది. దారిలో అవ్వ, "బిడ్డన్నా తినె" అని రెండుసార్లు అనుకుంది. వారం తిరక్కుండా వాళ్ళంతా ఇంకో ఊరికి వెళ్ళిపోయారు.

ఆ కాలంలో అడిగినవాళ్ళకల్లా పెట్టేవాళ్ళం, ఈ కాలంవాళ్ళకు దయలేదు అని నా ఈడువాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మేం తెలిసినవాళ్ళకు పెట్టాం. దాసప్పకు పెట్టాం. తెలియని మనిషి వస్తే మాకు వేపమండ ఉండింది, హేమకు కారద్దం ఉంది. తేడా ఏమన్నా ఉంటే ఇది. తప్పు చేశాక అవ్వ అంత దూరం నడిచి పోయి, ఆ మనిషిని వెతికి పట్టుకోగలిగింది. సిగ్నల్ దగ్గర మనిషిని రేపు నేను ఎక్కడని వెతుక్కోను? సిటీలో జాగ్రత్తగా ఉండాలని హేమ చెప్పేది తప్పు కాదు. సంచి గట్టిగా పట్టుకోవాలి, అద్దం ఎత్తుకోవాలి. నేనూ ఎత్తుకుంటాను. అద్దం కొట్టే మనిషి వెనకాల ఏముందో నాకు తెలుసునని మాత్రం ఇప్పుడు అనలేను.

ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ ఇదంతా హేమకు చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. అది బండి నడుపుతూనే విని, "పదకొండేండ్ల పిల్లవి కదమ్మా, భయపడి కొరికినావు. మీ అవ్వకు తెలిసినా ఏమనేదికాదు" అంది. అనేది కాదేమో. అయితే ఆ తర్వాత అవ్వ బతికిన పదేళ్ళూ, నా తల దువ్వుతూ, నా టీసీహెచ్ టీచరు ట్రైనింగు రిజల్టు వచ్చిన రోజు వచ్చినవాళ్ళకల్లా బెల్లం పంచుతూ, మా పిల్ల మనసు వెన్న అని చెప్పుకుంటూ బతికింది. ఒక్క మాటతో అదంతా లేకుండా చెయ్యగలిగిన మనిషి, పెదవి చిట్లి, కడుపు మాడి, నా వైపు చూసి ఊరుకుంది. ఆమె అడిగింది ఇంత గంజి. అది నేను పొయ్యలేదు. ఆమె నాకు మా అవ్వను ఇచ్చి పోయింది, నేను అడక్కుండానే.